బహువచనాల పాఠం జాబితాతో మొదలుపెట్టకండి

ఎడిటర్ గారికి నమస్కారం.

మీ విద్యార్థుల పేజీలో ఇంగ్లిష్ బహువచనాల మీద వచ్చిన పాఠం చదివాను. సిజర్స్, ట్రౌజర్స్, క్లోద్స్ ఎప్పుడూ బహువచనంలోనే ఉంటాయి, గుర్తుపెట్టుకోండి అని జాబితా ఇచ్చి వదిలేశారు. ఆ పద్ధతి పిల్లలకు పనికిరాదని చెప్పడానికే ఈ ఉత్తరం.

నేను సింగపూర్‌లో ఉంటున్నాను. చైనా నుంచి కొత్తగా వచ్చిన పిల్లలకు ఇంగ్లిష్ ట్యూషన్ చెబుతాను. ఇక్కడి ప్రభుత్వ బడుల్లో చేరడానికి వాళ్లు ఇంగ్లిష్, లెక్కల పరీక్షలు రాయాలి. నా దగ్గరికొచ్చే పిల్లల టెన్షన్ అంతా ఇంగ్లిష్‌తోనే.

'ఐ బాట్ ఎ క్లోద్స్' అని రాస్తారు. చైనీస్‌లో ఒకటైతే 'యీ జ్యెన్ యీఫు', రెండైతే 'ల్యాంగ్ జ్యెన్ యీఫు'. యీఫు అంటే బట్టలు. ఎన్ని ఉన్నా ఆ మాట మారదు. లెక్క చెప్పేటప్పుడు మధ్యలో 'జ్యెన్' చేరుతుంది. ప్యాంటుకైతే అక్కడ 'త్యావ్' వస్తుంది, పొడుగ్గా ఉండేవాటికి వాడతారు. కత్తెరకు 'బా', అది పిడి ఉన్నవాటికి. మనుషులకు చేర్చే 'మెన్' ఒకటుంది గానీ, ముందు సంఖ్య ఉంటే అదీ రాదు. ఇలాంటి భాషలో పెరిగిన పిల్ల, ఒక్కటే కదా అని ఎస్ తీసేసి 'ఎ క్లాత్' అంటుంది. అది బల్ల తుడిచే గుడ్డ అయిపోతుంది!

అందుకే నేను జ్యెన్ దగ్గర మొదలుపెడతాను. దాని బదులు ఇంగ్లిష్‌లో 'ఎ పీస్ ఆఫ్' పెట్టి, క్లోద్స్‌ని 'క్లోతింగ్' చేయమంటాను. పరీక్షకు అది చాలు. షాపులో మాత్రం అలా ఎవరూ అడగరు, చొక్కా అయితే షర్ట్ అనే అంటారు. తర్వాత క్రియ. తడిసింది ఒక చొక్కా, ఒక ప్యాంటు మాత్రమే అయినా 'మై క్లోద్స్ ఆర్ వెట్'. క్లోతింగ్‌కి మాత్రం 'ఈజ్'. ఇక ఉచ్చారణ. చైనీస్‌లో మాట చివర హల్లులు గుంపుగా రావు కాబట్టి 'క్లో-జిస్' అని విరుస్తారు. తలుపు మూయమనేటప్పటి 'క్లోజ్' లాగే పలకమంటాను. ఇంగ్లిష్ వాళ్లలోనే చాలామంది అలా పలుకుతారు.

మన పిల్లలకు ఇంత కష్టం అక్కర్లేదు. పాలు, నీళ్లు, వడ్లు మనకు ఎప్పుడూ బహువచనమే. 'పాలు విరిగిపోయింది' అని మన ఇళ్లలో ఎవరూ అనరు. పండక్కి రెండు జతల బట్టలు కుట్టించాం అంటాం. బట్ట వేరు, బట్టలు వేరు అనీ తెలుసు. అయినా మనవాళ్లు చాలామంది ఇంగ్లిష్‌కి వచ్చేసరికి 'న్యూ క్లాత్స్' అంటున్నారంటే, బడిలో ఈ తెలుగు మాటల్నీ ఇంగ్లిష్ మాటల్నీ ఎవరూ కలిపి చూపించకపోవడమే కారణం.

దయచేసి వచ్చే పాఠం పాలు, నీళ్ల దగ్గర మొదలుపెట్టించండి. పాఠం రాసే మాస్టారు సరేనంటే, నేను ఇక్కడి పిల్లలతో చేయించే అభ్యాసాలు పంపుతాను.

– ఒక ట్యూషన్ టీచర్, జురాంగ్, సింగపూర్