గల్ఫ్‌కు పంపేముందు అక్కడి చట్టం చెప్పి పంపండి

సంపాదకులు గారికి నమస్కారం.

గల్ఫ్‌లో మనవాళ్ల కష్టాలనగానే పత్రికల్లో ఏజెంట్ల మోసాలే ఎక్కువగా వస్తున్నాయి. రాయాల్సిందే. కానీ ఏజెంటు మంచివాడైనా, వీసా సరైనదైనా తప్పని ప్రమాదం ఇంకొకటి ఉంది. నోరు విప్పితే కేసయ్యే దేశంలో ఎలా మసలుకోవాలో మన పిల్లలకు తెలియదు. నేను దుబాయిలో లేబర్ క్యాంపులో టైమ్‌కీపర్‌గా చేసి వచ్చాను. మా బంధువులు ఇంకా అక్కడే ఉన్నారు కాబట్టి దయచేసి నా పేరు వేయకండి.

మా క్యాంపులో ఒకసారి జీతాలు నెలల తరబడి ఆగిపోయాయి. ఓ రోజు తెల్లవారుజామున బస్సులొస్తే ఎవరూ ఎక్కలేదు. టిఫిన్ డబ్బాలు చేత్తో పట్టుకుని గేటు దగ్గరే కూర్చున్నారు. కేకల్లేవు, నినాదాల్లేవు. నిజామాబాద్ వైపు కుర్రాడొకడు, ఊళ్లో ధర్నాలు చూసిన అలవాటుకొద్దీ, ఫోన్లో వీడియో తీశాడు. పోలీసులు రాగానే అడిగింది జీతాల సంగతి కాదు, వీడియో ఎవరు తీశారని. ఆ కుర్రాడు మళ్లీ క్యాంపుకు రాలేదు. అతని బట్టలు, పరుపు కింద దాచుకున్న ఇంటి ఫొటోలు బ్యాగులో సర్ది మేమే పంపించాం.

ఇది ఒక్క కంపెనీ దుర్మార్గం కాదు. అక్కడి పాలన తీరే అంత. సౌదీ, యూఏఈల్లో కార్మిక సంఘం పెట్టుకోనివ్వరు, సమ్మె చేయనివ్వరు. ఖతార్‌లో 2022 ఆగస్టులో, ప్రపంచ కప్ కొద్ది నెలల్లో ఉందనగా, జీతాల బకాయిల కోసం దోహాలో రోడ్డెక్కిన కార్మికులను అరెస్టు చేసి కొందరిని దేశం నుంచి పంపేశారు. సౌదీలో 2007 నాటి సైబర్ చట్టం కింద శాంతిభద్రతలకు భంగమని తోచిన పోస్టుకు 5 ఏళ్ల వరకు జైలు. యూఏఈలో 2022 జనవరిలో అమల్లోకి వచ్చిన చట్టం ప్రకారం వదంతి పంచినా కనీసం ఏడాది జైలు, లక్ష దిర్హాముల జరిమానా.

చందాల సంగతైతే మరీ ఘోరం. ఊరివాడు చనిపోతే వాట్సాప్ గ్రూపులో తలా ఇంత వేసి ఇంటికి పంపడం మనకు పుట్టుకతో వచ్చిన అలవాటు. యూఏఈలో లైసెన్సు ఉన్న సంస్థ తప్ప ఎవరూ విరాళాలు అడగకూడదు. అడిగితే లక్షల దిర్హాముల జరిమానా పడొచ్చు. సాయం చేయబోయిన మనిషి ముద్దాయి అవుతాడని ఏ తల్లికి తెలుసు?

ఇంటికి రావడం కూడా మన చేతిలో ఉండదు. ఖతార్ 2018లో చాలామందికి, 2020లో ఇంటిపనివాళ్లకు కూడా ఎగ్జిట్ పర్మిట్, అంటే దేశం దాటడానికి యజమాని ఇవ్వాల్సిన అనుమతి, తీసేసింది. కువైట్ మాత్రం 2025 జూలై 1 నుంచి ప్రైవేటు కంపెనీల్లో పనిచేసే విదేశీయులకు కొత్తగా పెట్టింది. కఫీల్, అంటే పనిలో పెట్టుకున్న యజమాని, సరేనంటేనే విమానం. కడప, గోదావరి జిల్లాల నుంచి ఎన్ని వేలమంది అక్కడున్నారో వేరే చెప్పనక్కర్లేదు.

వెళ్లేముందు ప్రభుత్వం ఇప్పించే ఒక్కరోజు శిక్షణ ఉంది. కానీ విజిట్ వీసా మీద వెళ్లేవాళ్లు ఆ గడపే తొక్కరు. ఆ శిక్షణ పాస్‌పోర్టు చేతికందిన రోజే, మండల స్థాయిలో, తెలుగులో ఇవ్వాలి. ఫోన్‌తో ఏం చేస్తే కేసు, జీతం ఆగితే ఏ లేబర్ ఆఫీసుకు ఎలా వెళ్లాలి, పనివాడు పారిపోయాడని కఫీల్ ఫిర్యాదు పెడితే ఎవరిని కలవాలి, ఇవి ముందు చెప్పాలి. గల్ఫ్‌లో చనిపోయినవారి కుటుంబానికి తెలంగాణ ప్రభుత్వం 5 లక్షలు ఇస్తోంది. మంచి పని. బతికుండి జైల్లో ఉన్నవాడికి లాయరును పెట్టడానికి కూడా అంతే పట్టుదల చూపాలి. అందుకు ఎంబసీల్లో సంక్షేమ నిధి ఉంది. తెలుగు తెలిసిన మనిషిని కూడా కూర్చోబెట్టాలి.

1983 నాటి వలస చట్టాన్ని మారుస్తామని కేంద్రం 2021లో ఒకటి, 2025లో మరొకటి ముసాయిదాలు బయటపెట్టింది. అరెస్టయిన కార్మికుడికి న్యాయసహాయం హక్కుగా అందేలా అందులో రాయించమని మన ఎంపీలను కోరుతున్నాను. అప్పటిదాకా వెళ్లేవాళ్లకు ఒక్క సంగతైనా చెప్పండి. పోలీసులు పట్టుకుంటే "మా ఎంబసీకి కబురు చేయండి" అని అడిగే హక్కు వియన్నా ఒప్పందం ఇచ్చింది. ఆ ఒక్క ముక్క అరబ్బీలో నేర్పి పంపండి.

- ఒక పాఠకుడు, కోరుట్ల, జగిత్యాల జిల్లా