పొద్దున దుప్పటి, మధ్యాహ్నం ఫ్యాను

సంపాదకుల వారికి,

గత సోమవారం మీ పత్రిక మొదటి పేజీలో ఎండలు అప్పుడే ముదిరాయని పెద్దక్షరాలతో వేశారు. ఆ పేపరు నేను దుప్పటి కప్పుకుని చదివాను. మా వసారాలో థర్మామీటరు అప్పుడు 15 డిగ్రీల దగ్గర ఉంది. మీరు రాసింది అబద్ధమని అనను, మధ్యాహ్నం రెండున్నరకి అదే థర్మామీటరు 34 చూపించింది. ఆ 19 డిగ్రీల తేడాని మీరు ఒక్క అంకెలో పెట్టేశారు. నా ఫిర్యాదల్లా అదే.

నేను ముప్ఫై ఏళ్లు బడిలో భూగోళం చెప్పి రిటైరయినదాన్ని. రోజూ మూడు పూటలా చలి, ఎండ, గాలి నోటుబుక్కులో రాసుకుంటాను. "నువ్వు రాసినంత మాత్రాన అది నీ మాట వింటుందా" అంటారు మావారు. వినదు. కానీ వసంతం మొదట్లో ఈ ఒక్క వారం చూడండి, ఎన్ని వేషాలు వేసిందో.

మంగళవారం దాకా ఉత్తరపు పొడిగాలి. మబ్బూ తేమా లేకపోతే నేల పగలు మింగిన వేడినంతా రాత్రికి ఆకాశానికి వదిలేస్తుంది, అడ్డుపడేది ఏదీ ఉండదు. అందుకే తెల్లవారుజామున అంత చలి. తెల్లారాక అదే పొడినేల ఇట్టే కాగిపోతుంది. డిసెంబరులో కన్నా ఇప్పుడు సూర్యుడు నడినెత్తికి దగ్గరయ్యాడు కూడా.

బుధవారం గాలి మళ్లింది. ఈ సంగతి నాకు ముందు చెప్పింది తీగ మీద ఆరేసిన చీర. మూడు రోజులుగా గోడ వైపు ఎగురుతున్నది కాస్తా వీధి వైపు ఊగడం మొదలుపెట్టింది, సాయంత్రానికి కూడా అంచు ఆరలేదు. ఆగ్నేయం నుంచి సముద్రపు తేమ వచ్చిందన్నమాట. ఆ రాత్రి మబ్బు పట్టి 21 కంటే దిగలేదు. దుప్పటి కాళ్ల దగ్గరే ఉండిపోయింది.

గురువారం సాయంత్రం అయిదింటికి మెరుపు మెరిసింది. లెక్కపెట్టాను. తొమ్మిది అంకెలకి ఉరిమింది. శబ్దం కిలోమీటరు దాటడానికి దాదాపు మూడు సెకన్లు పడుతుంది కాబట్టి మూడు కిలోమీటర్ల దూరం. పావుగంటలో మా ఇంటి మీదే ఉంది. వడగళ్లు, గోలీలంతవి. ఒకటి తెచ్చి చాకుతో చీల్చాను. మధ్యలో తెల్లటి బొట్టు, దాని చుట్టూ గాజులాంటి పొర, మళ్లీ తెల్ల పొర. కింద మనం ఉక్కతో ఉడుకుతున్నా పైన కొన్ని కిలోమీటర్ల ఎత్తున సున్నా కంటే తక్కువే. పైకి తన్నే గాలి నీటిచుక్కల్ని అక్కడికి ఎగరేస్తే గడ్డకట్టి, పొర మీద పొర పేర్చుకుని, మోయలేనంత బరువయ్యాక వదిలేస్తుంది. చెప్పడం ఇంకా మానలేదని మీకు నవ్వొస్తే రావచ్చు. ఇరవై నిమిషాల్లో 31 నుంచి 22కి పడింది.

వాన ఆగాక డాబా మీది గాజు జాడీలో చూస్తే 2 మిల్లీమీటర్లు. మన వాతావరణ శాఖ లెక్కలో 2.5 ఉంటేనే అది వర్షపు రోజు. అంటే బట్టలు తడిసి, చిగుళ్లు రాలి, కరెంటు పోయిన ఆ సాయంత్రం లెక్కల్లో వర్షపు రోజే కాదు. పైగా వానని ఉదయం ఎనిమిదిన్నరకి కొలుస్తారు కాబట్టి గురువారం వాన శుక్రవారం ఖాతాలో పడుతుంది. ఆ శుక్రవారమేమో పొద్దున గేటు కనపడనంత మంచు, తొమ్మిది దాటాక ఒక్క మబ్బు తునక లేదు. శనివారం మళ్లీ ఎండ. స్వెట్టరు పెట్టెలో పెట్టాను, ఆదివారం తీశాను.

ఇంతకీ నేను అడిగేది పెద్దదేం కాదు. గరిష్ఠం పక్కనే కనిష్ఠం కూడా అంతే పెద్దక్షరాల్లో వేయండి, గాలి ఎటు నుంచో ఒక ముక్క చేర్చండి. దూరాన ఉన్న నగరం అంకెలు మాకు అంటగట్టకండి. కాంక్రీటు రాత్రంతా వేడిని పట్టుకుంటుంది, చిన్న ఊళ్లో చలి అక్కడి అంకెలో కనపడదు. 1861 ఆగస్టు 1న లండన్ టైమ్స్‌లో ఫిట్జ్‌రాయ్ అనే నౌకాదళ అధికారి తొలి వాతావరణ సూచన వేయించినప్పుడే ఒక్కో ప్రాంతానికి గాలి దిక్కు, బలం విడివిడిగా ఇచ్చాడు. ఆయన చేతిలో ఉన్నది టెలిగ్రాఫే.

నా థర్మామీటరు వాతావరణ కేంద్రాల్లో ఎండ తగలకుండా, గాలి ఆడేలా పెట్టే స్టీవెన్‌సన్ తెల్ల చెక్కపెట్టెలో ఉన్నది కాదు, వసారా మేకుకు వేలాడేది. ఒకటి రెండు డిగ్రీలు అటూ ఇటూ ఉండొచ్చు. 19 డిగ్రీలైతే తప్పిపోవు. కావాలంటే నోటుబుక్కు జిరాక్సు పంపుతాను. నా చేతిరాత మావారికే అర్థం కాదు, ఆ కష్టం మాత్రం మీ డెస్కు వాళ్లదే.

ఇట్లు,
ఒక రిటైర్డ్ భూగోళం టీచరు