లాడ్‌బజార్ వెనుక సందు గురించి ఒక బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఇంజనీరు గారికి,

నమస్కారం. మా సందులో పూడ్చకుండా వదిలేసిన గుంత గురించి మూడు వినతిపత్రాలు స్వయంగా అందజేశాను. జవాబు రానందున నలుగురి ఎదుట రాస్తున్నాను.

హైదరాబాద్ లక్క గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు (ఈ ఊరి ప్రత్యేక ఉత్పత్తి అని చెప్పే జీఐ ట్యాగ్) వచ్చింది. విదేశీ మార్కెట్ల గురించి సభల్లో విని మేమూ చప్పట్లు కొట్టాం. ఆ గాజులు తయారయ్యే మా సందులో మాత్రం మురుగు పైపు కోసం తవ్విన గుంత వేసవి నుంచి అలాగే ఉంది. ఆటో లోపలికి రాదు. గల్ఫ్‌కు వెళ్లాల్సిన పెట్టెలను కూలీలు నెత్తిన పెట్టుకొని, గుంత మీద వేసిన చెక్క పలకపై నడిచి దాటిస్తున్నారు. గత నెల వానలో ఒకరు జారారు. మనిషికి మోకాలు చిట్లింది, పెట్టె బురదలో పడింది. కుంపటి ముందు కూర్చుని, వేడి లక్కలో ఒక్కో రాయినీ అద్దిన ఆడవాళ్ల నాలుగు రోజుల కష్టం అది. కొనుగోలుదారు వద్దన్నాడు. వాళ్లకు ఇవ్వాల్సిన కూలి ఇంకా నా మీదే ఉంది.

పనులు వద్దనడం లేదు. 1908 మూసీ వరద తర్వాత, 1912లో ఏర్పడిన నగరాభివృద్ధి మండలే మాకు పత్తర్‌గట్టి దుకాణాల వరుసను ఇచ్చింది. అప్పుడు తవ్వినవాళ్లు కట్టి వెళ్లారు.

పదిహేను రోజుల్లో గుంత పూడ్పించండి. అంతవరకు కంచె, రాత్రి దీపం పెట్టించండి. పని ముగిసే తేదీని సందు మొదట్లో బోర్డుపై రాయించండి.

ఇట్లు,
ఒక గాజుల వ్యాపారి