మొత్తం బరువును నడిమి రాయి బరువుగా చెప్పి అమ్మిన నిశ్చితార్థపు ఉంగరంపై ఫిర్యాదు

వినియోగదారుల సేవా విభాగాధిపతి గారికి,

విషయం: నిశ్చితార్థపు ఉంగరం వాపసు, చెల్లించిన పూర్తి సొమ్ము తిరిగి ఇప్పించడం గురించి.

అయ్యా,

మీ సంస్థ దుకాణంలో మేమిద్దరం కలిసి ఎంచుకుని కొన్న నిశ్చితార్థపు ఉంగరాన్ని వెనక్కి తీసుకుని, చెల్లించిన సొమ్మును కోత లేకుండా తిరిగి ఇవ్వవలసిందిగా కోరుతూ ఈ లేఖ రాస్తున్నాను. ఇదే విషయమై ఇంతకుముందు ఒకసారి ఫోన్‌లో మాట్లాడాం, రెండుసార్లు ఈమెయిల్ పంపాం. మూడుసార్లూ మీ సిబ్బంది మర్యాదగానే బదులిచ్చారు కాని, మేం అడిగినదానికి మాత్రం జవాబు రాలేదు. ఉంగరం అందంగా లేదని గాని, మా మనసు మారిందని గాని మేం అనడం లేదు. రెండు ఉంగరాల్లో ఏది తీసుకోవాలా అని మేం ఆలోచిస్తున్న సమయంలో ఒకదాని గురించి తప్పుడు మాట చెప్పి, మాకు నచ్చిన రెండోదాన్ని మా చేతనే పక్కన పెట్టించారన్నది మా ఫిర్యాదు.

పెళ్లి నిశ్చయమైన కొత్తలో, నాకు తెలియకుండా ఉంగరం కొని తేవాలని నాకు కాబోయే భర్త అనుకున్నారు. రోజూ వేలికి ఉండవలసింది నాకు గనక ఇద్దరం కలిసే వెళ్దామని నేనన్నాను. నేను ప్రయోగశాలలో పనిచేస్తాను. పల్చటి రబ్బరు చేతి తొడుగులు రోజుకు ఇరవైసార్లు వేసి తీస్తుంటాను. రాయి పైకి లేచి ఉంటే తొడుగు చిరుగుతుంది, కొక్కేలకు దారాలూ జుట్టూ చిక్కుకుంటాయి. అందుకని రాయి చుట్టూ బంగారు అంచు తిరిగి, వేలికి ఆనుకుని ఉండే క్లోజ్ సెట్టింగ్ ఉంగరం కావాలనుకున్నాం. ఒకే రాయి ఉండాలనుకున్నాం. నాకు నికెల్ పడదు గనక ఆ లోహం కలవనిది చూపించమని అడగాలనుకున్నాం. ఈ మూడూ ఒక కాగితం మీద రాసుకునే మీ దుకాణానికి వచ్చాం.

అలాంటి ఉంగరం మీ దగ్గర ఉంది కూడా. 70 సెంట్ల (సెంటు అంటే వజ్రం బరువులో క్యారెట్‌కు నూరో వంతు) గుండ్రటి వజ్రం, క్లోజ్ సెట్టింగ్, పసుపు బంగారం. వేలికి పెట్టుకుని పిడికిలి బిగించి చూశాను, ఎక్కడా ఒత్తుకోలేదు. ఆ రాయి సర్టిఫికెట్‌ను మీ సేల్స్‌మన్ బల్ల మీద పరిచి, రంగు, స్వచ్ఛత, కట్ (రాయిని చెక్కిన తీరు) ఒక్కొక్కటీ వేలితో చూపిస్తూ చెప్పారు. ఇక బిల్లు వేయించుకోవడమే అనుకుంటుండగా ఆయన లోపలి నుంచి మరో ఉంగరం తెచ్చి దాని పక్కన పెట్టారు. తెల్ల బంగారంలో నడుమ ఒక రాయి, దాని చుట్టూ చిన్న రాళ్ల వలయం, రెండు భుజాల మీదా మరికొన్ని. “అది డెబ్బై సెంట్లు మేడమ్, ఇది పూర్తిగా ఒక క్యారెట్. ధరలో పెద్ద తేడా లేదు. ఇలాంటిది మళ్లీ దొరకదు” అన్నారు. నడిమి రాయే ఒక క్యారెట్టా అని నాకు కాబోయే భర్త సూటిగా అడిగారు. “చూస్తున్నారుగా” అన్నది ఆయన ఇచ్చిన జవాబు. దాని సర్టిఫికెట్ అడిగితే, అది ప్యాకింగ్‌తో పాటు వస్తుందని, ముందుగా తీయడం కుదరదని చెప్పారు.

అక్కడ లొంగిపోయింది నేనేనని దాచకుండా ఒప్పుకుంటాను. తొడుగుల సంగతి తెలిసీ, రాసుకున్న కాగితం చేతిలోనే ఉండీ, ‘ఒక క్యారెట్’ అన్న మాట దగ్గర నా పట్టుదల సడలింది. పని చేసేటప్పుడు తీసి పెట్టుకుంటే సరిపోతుందని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. అయితే నేను లొంగింది ఉన్న రాయికి కాదు, లేని రాయికి.

ఇంటికి వచ్చి పెట్టె విప్పితే అడుగున మడిచి పెట్టిన సర్టిఫికెట్‌లో నడిమి వజ్రం బరువు 0.58 క్యారెట్ అని ఉంది. అచ్చు తప్పేమో అనుకుని రెండుసార్లు చదివాం. మరునాడు మీతో గాని, మరే దుకాణంతో గాని సంబంధం లేని రత్న పరీక్షకుడి దగ్గరకు వెళ్లాం. ఆయన పది రెట్లు పెద్దదిగా చూపే భూతద్దం కింద ఉంగరాన్ని పక్కకు తిప్పి, రాయి నడుము అంచున లేజర్‌తో చెక్కిన అంకెలను మాకు చూపించారు. అవి సర్టిఫికెట్ మీది సంఖ్యతో సరిపోయాయి. అంటే మీరు రాయి మార్చలేదు. ఆ మాట మీ పక్షాన చెప్పవలసిందే. రాయి అడ్డుకొలత 5.4 మిల్లీమీటర్లు వచ్చింది. చక్కగా చెక్కిన గుండ్రటి వజ్రం ఒక క్యారెట్ ఉంటే దాని అడ్డుకొలత ఆరున్నర మిల్లీమీటర్లకు దగ్గరగా ఉంటుందని, 70 సెంట్ల రాయి కూడా దీనికన్నా వెడల్పుగానే కనబడుతుందని ఆయన చెప్పారు. చుట్టూ ఉన్న చిన్న రాళ్లు మొత్తం 28, ఒక్కొక్కటి సుమారు సెంటున్నర.

మేం ఫోన్ చేసినప్పుడు మీ ప్రతినిధి ఇచ్చిన సమాధానం ఏమిటంటే, ట్యాగ్ మీద ‘టీడబ్ల్యూ’ అని ఉందని, అంటే మొత్తం బరువని, కాబట్టి తప్పేమీ జరగలేదని. ఆ ట్యాగ్ ఇప్పుడు నా ముందే ఉంది. దారంతో కట్టిన బొటనవేలి గోరంత అట్టముక్క. దాని మీద 1.00 అన్న అంకె ముక్కలో సగం ఆక్రమించి ఉంటే, ఆ రెండక్షరాలు చివర ఆవగింజల్లా ఒదిగి ఉన్నాయి, అందులో ఒకదాని మీదుగా దారం పోతోంది. వాటి అర్థం అక్కడ ఎవరూ చెప్పలేదు. చెప్పకపోవడం ఒక ఎత్తు, నడిమి రాయి బరువెంత అని అడిగినప్పుడు మాట దాటవేయడం మరో ఎత్తు.

58 సెంట్ల రాయి ఒకటి, సెంటున్నర చొప్పున 28 రాళ్లు కలిపితే నూరు సెంట్లు అవుతాయన్న కూడికలో తప్పు లేదు. అయితే వజ్రాన్ని ఆ కూడిక ప్రకారం ఎవరూ కొనరు, మీరూ అమ్మరు. రాయి పెద్దదయ్యే కొద్దీ అరుదవుతుంది గనక బరువుతో పాటు క్యారెట్‌కు కట్టే రేటు కూడా పెరుగుతూ పోతుంది. సెంటు, రెండు సెంట్ల రాళ్లు విరివిగా దొరుకుతాయి. ఒంటి రాయిగా ఒక క్యారెట్ ఉన్న ఉంగరమూ, 29 రాళ్లు కలిపి ఒక క్యారెట్ తూగే ఉంగరమూ ఒకే సరుకు కావని మీ కొనుగోలు విభాగానికి మాకన్నా బాగా తెలుసు. ‘అది డెబ్బై, ఇది నూరు’ అని రెండింటినీ పక్కపక్కన పెట్టి పోల్చినప్పుడు ఒకవైపు ఒంటి రాయి బరువును, మరోవైపు రాళ్లన్నిటి బరువును చెప్పారు. నిజమైన పోలిక డెబ్బైకీ యాభై ఎనిమిదికీ మధ్య. ఆ మాట తెలిసి ఉంటే రెండో ఉంగరాన్ని చేతిలోకి కూడా తీసుకునేదాన్ని కాదు.

రెండో ఈమెయిల్‌కు వచ్చిన జవాబులో, వజ్రం అందం బరువులో లేదని, కట్‌లో ఉందని రాశారు. అక్షరాలా నిజం. మంచి కట్ ఉన్న చిన్న రాయి, లోతు ఎక్కువై వెలుతురును కిందికి జార్చేసే పెద్ద రాయి కన్నా బాగా మెరుస్తుంది. కాకపోతే ఈ సత్యం మీ సంస్థకు అమ్మకం ముగిశాక గుర్తొచ్చింది. కౌంటర్ దగ్గర మాకు అమ్మింది బరువునే.

బంగారం విషయంలో జరిగింది దీనికన్నా చిన్నదేమీ కాదు, నా చర్మానికి సంబంధించినంతవరకు ఇంకా పెద్దది. మన భాషలో క్యారెట్ అన్న ఒకే మాట రెండు పనులు చేస్తుంది. వజ్రం దగ్గర అది బరువు, 200 మిల్లీగ్రాములు. బంగారం దగ్గర స్వచ్ఛత, 24 పాళ్లలో ఎన్ని పాళ్లు బంగారమో చెప్పే లెక్క. కొత్తగా కొనేవారు తికమకపడటం సహజం గనక, మీరిచ్చిన 18 క్యారెట్ల తెల్ల బంగారంలో మిగిలిన ఆరు పాళ్లు ఏమిటని నేను విడమరచి అడిగాను. చేతి గడియారం బకిల్ తగిలిన చోట నాకు దద్దుర్లు వస్తాయని, నికెల్ ఉంటే వద్దని కూడా చెప్పాను. “వెండి కలుపుతాం మేడమ్, అంతే” అన్నారు. మొదటి ఈమెయిల్‌లో మేం ఇదే అడిగితే, మిశ్రమంలో నికెల్ ఉందని, పైన రోడియం అనే తెల్లటి లోహపు పూత ఉండటం వల్ల చర్మానికి తగలదని, ఆ పూతను ఏడాదికోసారి కొత్తగా వేయించుకుంటే చాలని మీ సేవా విభాగమే రాసింది. పూత అరుగుతుందని మీరే చెబుతున్నప్పుడు, అరిగిన రోజున నా వేలికి తగిలేది ఏమిటో వేరే చెప్పనక్కర్లేదు. పల్లాడియం కలిపిన తెల్ల బంగారం గాని, ప్లాటినం గాని, ముందు చూసిన ఆ పసుపు బంగారం గాని ఉండగా, అడిగి మరీ తప్పించుకోవాలనుకున్న లోహాన్నే నాకు అంటగట్టారు.

ఇంకో రెండు మాటలు కూడా మీ దృష్టికి రావాలి. ప్రయోగశాలలో తయారైన వజ్రాల గురించి అడిగితే “అవి గాజు లాంటివి” అని మీ సేల్స్‌మన్ తీసిపారేశారు. 1954 నాటికే మనిషి తయారు చేయగలిగిన ఆ రాయి కూడా కర్బనమే, గట్టిదనంలోనూ గనిలో దొరికినదానితో సమానమే. వాటి మళ్లీ అమ్మకపు విలువ తక్కువని చెప్పి ఉంటే ఆలోచించేవాళ్లం, గాజని చెప్పడం మాత్రం అబద్ధం. ఉంగరానికి రెండు నెలల జీతం పెట్టడం నియమమని కూడా ఆయన నాకు కాబోయే భర్తతో గొంతు తగ్గించి అన్నారు. అది నియమం కాదు, గత శతాబ్దంలో వజ్రాల సంస్థ డీ బీర్స్ ప్రకటనలు ప్రచారంలో పెట్టిన లెక్క. ఈ రెండూ మా క్లెయిమ్‌లో భాగం కావు. కొనేవారికి మీ కౌంటర్ల దగ్గర ఎలాంటి సమాచారం అందుతోందో మీకు తెలియాలని రాశాను.

వేలి కొలత తీసిన మీ ఉద్యోగిని గురించి చెప్పకపోతే అన్యాయమవుతుంది. చలికి వేలు సన్నబడుతుందని, ఎండకూ పనికీ ఉబ్బుతుందని, కణుపు దాటి రావాలి గాని వచ్చాక జారకూడదని చెప్పి, ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి ఆమె కొలిచారు. ఉంగరం కొలతలో ఈ రోజుకీ లోపం లేదు. తెలిసింది తెలిసినట్టు చెప్పేవారు మీ దుకాణంలోనే ఉన్నారు గనక, మేం అడుగుతున్నది మీకు సాధ్యం కానిదేమీ కాదు.

వాడిన వస్తువును వాపసు తీసుకోలేమన్నది మీ చివరి సమాధానం. ఉంగరం నా వేలికి ఉన్నది మూడు రోజులే. రత్న పరీక్షకుడి నివేదిక రాగానే, కొన్న తేదీ నుంచి పన్నెండో రోజున, మేం మీకు మొదటి ఈమెయిల్ రాశాం. మీ బిల్లు వెనుక వాపసుకు ఇచ్చిన గడువు ముప్పై రోజులు. పైగా ఆ షరతు మనసు మార్చుకున్నవారి కోసం రాసింది. సరుకు గురించి తప్పు చెప్పి అమ్మినప్పుడు అది మీకు రక్షణ కాజాలదు.

కాబట్టి ఉంగరాన్ని వెనక్కి తీసుకుని, మజూరీ గాని, తరుగు గాని, మరే ఖర్చు గాని మినహాయించకుండా పూర్తి సొమ్ము తిరిగి చెల్లించాలని, నివేదిక కోసం మేం కట్టిన రుసుమును కూడా ఇవ్వాలని కోరుతున్నాం. ఒకటికి మించి రాళ్లున్న ప్రతి ఉంగరం ట్యాగ్ మీదా నడిమి రాయి బరువు, మొత్తం బరువు విడివిడిగా, ఒకే సైజు అంకెల్లో రాయించాలని, సర్టిఫికెట్‌ను డబ్బు చెల్లించక ముందే కొనేవారి చేతికివ్వాలని కూడా అడుగుతున్నాం. ఈ లేఖ అందిన పదిహేను రోజుల్లో రాతపూర్వకంగా జవాబు రాకపోతే వినియోగదారుల కమిషన్‌ను ఆశ్రయిస్తాం. బిల్లు, ట్యాగ్ రెండువైపుల ఫోటోలు, సర్టిఫికెట్, పరీక్షకుడి నివేదిక, మన మధ్య నడిచిన ఈమెయిళ్ల ప్రతులు జతచేస్తున్నాను.

ఉంగరం మీరిచ్చిన పెట్టెలోనే భద్రంగా ఉంది. మీరు చెప్పిన రోజున ఇద్దరం కలిసి తెచ్చి అప్పగిస్తాం. ఆ 70 సెంట్ల క్లోజ్ సెట్టింగ్ ఉంగరం ఇంకా అమ్ముడు కాకపోతే, ఆ రోజు దాన్ని మరోసారి బయటికి తీసి ఉంచవలసిందిగా మనవి.

ఇట్లు,
మీ కొనుగోలుదారు