వాళ్ల చేతికి పనివ్వరా

ఒరేయ్,

నీ ఉత్తరం అందింది. ఫోన్లో మాట్లాడితే పది నిమిషాల్లో తేలిపోయేదే గానీ, ఫ్యాక్టరీలో సేఫ్టీ ట్రైనింగ్ పనివాళ్లకి ఎక్కేలా ఎలా నేర్పాలని నువ్వడిగింది నాకు ప్రాణంలాంటి సంగతి. అందుకే ఈ ఆదివారం తీరిగ్గా కూర్చుని రాస్తున్నా.

ట్రైనింగ్‌లో నిద్రపోతున్నారని వాళ్ల మీద కోప్పడకు. నైట్ షిఫ్ట్ దిగి, టిఫిన్ తినీ తినక వచ్చినవాళ్లని ఏసీ గదిలో లైట్లార్పి కూర్చోబెడితే ఎవరికైనా కునుకు పడుతుంది. ఆరేళ్లు నేనూ అదే చేశాను. అరవై స్లైడ్లు చూపించడం, చివర్లో ‘అర్థమైందా?’ అనడం, అందరూ తలలూపడం, రిజిస్టర్లో సంతకాలు పెట్టించుకోవడం. రిజిస్టర్ నిండింది కదా, పని అయిపోయిందనుకునేవాణ్ణి.

ఓ రోజు ఎందుకో స్లైడ్లు ఆపేసి, ‘ఎవరైనా వచ్చి ఈ ఫైర్ సిలిండర్ పిన్ను లాగండి’ అన్నాను. ఎవరూ కదల్లేదు. చాలాసేపటికి పదకొండేళ్ల సర్వీసున్న పెద్దాయన లేచాడు. ఒక చేత్తో హ్యాండిల్ గట్టిగా నొక్కిపట్టి, రెండో చేత్తో పిన్ను లాగుతున్నాడు. అలా నొక్కి ఉంచితే పిన్ను బిగుసుకుపోతుంది, ఎంత లాగినా రాదు. ఆయన చెమటలు పట్టి నావైపు చూసిన చూపు ఇప్పటికీ మర్చిపోలేను. పిన్ను సంగతి ఏటా చెబుతూనే ఉన్నాను. ఆయన ఏటా వింటూనే ఉన్నాడు.

అప్పట్నించి గది వదిలేశాం. గోడ అవతల ఖాళీ స్థలంలో ఇనప ట్రేలో నీళ్లు పోసి, పైన కాస్త డీజిల్ పోసి వెలిగిస్తాం. నలుగురేసి వస్తారు, ప్రతి ఒక్కరూ ఆర్పాల్సిందే. మంట అడుగున కొట్టకుండా పైన కొడితే సిలిండర్లోని పొడి వృథా అని తెలియడానికి ఒక్కసారి చాలు. ఆరు కిలోల సిలిండర్ అర నిమిషం కూడా రాదు కదా, అందుకని పక్కనున్నవాళ్ల చేత పైకి అంకెలు లెక్కపెట్టిస్తాను. ఆ గొంతుల హడావుడిలో ఎవరికీ నిద్ర రాదురా!

రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో అమెరికాలో టీడబ్ల్యూఐ (ట్రైనింగ్ వితిన్ ఇండస్ట్రీ) అని ఒక శిక్షణ నడిచింది, 1940 నుంచి 1945 దాకా. సైన్యంలోకి వెళ్లినవాళ్ల స్థానంలో ఫ్యాక్టరీల్లోకి వచ్చిన కొత్తవాళ్లకి పని ఎలా నేర్పాలో సూపర్‌వైజర్లకి చెప్పేవారు, రోజుకి 2 గంటల చొప్పున 5 రోజులు. అందులో ఒక ముడి ఉంటుంది. వైరు లాగినా కనెక్షన్ ఊడకుండా బల్బు హోల్డర్ లోపల వేసేది, మన పాత ఎలక్ట్రీషియన్లకి బాగా తెలిసినదే. శిక్షకుడు ముందు ఆ ముడిని నోటితో మాత్రమే వివరిస్తాడు. ఎదుటివాడికి రాదు. తర్వాత మాట్లాడకుండా వేసి చూపిస్తాడు. అప్పుడూ రాదు. చివరికి చూపిస్తూ, ఎందుకలా వేయాలో చెబుతూ, వాడి చేతే వేయించి, వాడి నోటితోనే చెప్పిస్తాడు. అప్పుడొస్తుంది. ‘నేర్చుకునేవాడికి రాలేదంటే నేర్పేవాడు నేర్పనట్టే’ అన్నది వాళ్ల సూత్రం. మీ సూపర్‌వైజర్లతో మొదటి రోజు ఆ ముడే వేయించు, రెండు మూరల వైరు చాలు.

ఇంకోటి, మాట్లాడించడం. ‘ప్రమాదం తృటిలో తప్పిన సంగతి ఏదైనా చెప్పండి’ అని అడిగి ఊరుకో. నిశ్శబ్దం భరించలేక నువ్వే మొదలెట్టేస్తావు, ఆ పని చేయకు. మనసులో ఇరవై దాకా లెక్కపెట్టుకో. ముందే మాట ఇవ్వు: పేరు రాయం, మెమో ఇవ్వం అని. ఆ మాట ఒక్కసారి తప్పావా, ఇక నీ గదిలో ఎవరూ నోరు తెరవరు.

మా దగ్గర ఒక ఒడియా కుర్రాడు అలాగే చెప్పాడు. ఇచ్ఛాపురం హెల్పర్ ఒకతను తెలుగులోకి తిప్పుతుంటే విన్నాం. నైట్రోజన్ నింపిన రియాక్టర్, అంటే రసాయనాలు కలిపే పెద్ద ట్యాంకు, మ్యాన్‌హోల్లోకి పడిన పానా కోసం తల వంచాడట. నైట్రోజన్ నిండిన చోట పీల్చడానికి ఆక్సిజన్ ఉండదు. వాసన లేదు, రంగు లేదు, మోకాళ్లు మాత్రం దూదిలా అయిపోయాయట. పక్కవాడు చొక్కా కాలర్ పట్టి వెనక్కి లాగాడు. మామూలు గాలిలో ఆక్సిజన్ 21 శాతం దాకా ఉంటుందని, 19.5 కంటే తగ్గితే లోపలికి వెళ్లకూడదని ఎన్నిసార్లు చూపించానో! ఆ అంకె ఆ రోజే అందరికీ ఎక్కింది. ఇప్పుడు ఆక్సిజన్ కొలిచే మీటర్ రాకపోతే మూత దగ్గరికి వెళ్లేముందు వాళ్లే అడుగుతున్నారు.

క్విజ్ యాప్‌ల గురించి రాశావు. పెట్టుకో, కానీ ముందు నొక్కినవాడికే బహుమతి అనకు. చదవడం నెమ్మదైనవాళ్లు ముడుచుకుపోతారు. దానికంటే పని మెట్లు ఒక్కోటీ ఒక్కో చీటీ మీద, వీలైతే బొమ్మల్తో, వేసి కలిపేసి ఇవ్వు. వరస పెట్టమను. గొడవ పడతారు, పడనివ్వు. ఎవరికి ఏది తెలియదో ఆ గొడవలోనే బయటపడుతుంది.

ప్రొడక్షన్ వాళ్లు ముప్పావుగంటకి మించి ఇవ్వరని బెంగపడ్డావు. నాలుగు విషయాలు ఒకేసారి కుక్కేయకు, ఒక్కటే తీసుకో. మూడు రోజులాగి మెషిన్ దగ్గరికే వెళ్లి, ‘ఏదీ, చేసి చూపించు’ అని అడుగు. రాకపోతే అక్కడే మళ్లీ నేర్పు.

వచ్చే శనివారం ఉదయం మళ్లీ ట్రే వెలిగిస్తున్నాం. బస్సెక్కి వచ్చేయ్. నూలు చొక్కా వేసుకుని, బూట్లు తొడుక్కుని రా, మొదటి సిలిండర్ నీ చేతికే ఇస్తాను.

నీ
గాజువాక దోస్తు