ప్యాకేజీ వెర్షన్ సంఖ్యల చిక్కు విడదీసిన మిత్రునికి కృతజ్ఞతలు

మా బృందం తయారుచేసే సాఫ్ట్‌వేర్‌ను డెబియన్, ఉబుంటు అనే లినక్స్ వ్యవస్థలు వాడేవారికి ప్యాకేజీగా (ఇన్‌స్టాల్ చేయడానికి సిద్ధంగా కట్టిన ఫైలుగా) అందించడంలో వచ్చిన ఒక చిక్కును ఎంతో ఓపికగా విడదీసిన మిత్రునికి అందరి ఎదుటా ధన్యవాదాలు చెప్పుకోవాలని ఇది రాస్తున్నాను. పేరు వేయవద్దని ఆయన కోరారు. ఆయన చెప్పిన సంగతులు మాత్రం ప్యాకేజీలు కట్టే వారందరికీ పనికివస్తాయి.

బిల్డ్ సర్వర్ (కోడ్ నుంచి ప్యాకేజీని తయారుచేసే కంప్యూటర్) ఇచ్చే వరుస సంఖ్యను 2.3.0.118 అన్నట్లు వెర్షన్ చివర చేర్చడం మా పద్ధతి. సర్వర్ మారాక ఆ లెక్క మళ్లీ ఒకటి నుంచి మొదలైంది. దాంతో 2.3.0.7 రిపోజిటరీలోకి (వాడుకరులకు ప్యాకేజీలు అందే భాండారంలోకి) చేరినా, వాడుకరుల కంప్యూటర్లలో అప్పటికే 118 ఉన్నందున ప్యాకేజీలను దించి ఇన్‌స్టాల్ చేసే ఏపీటీ కొత్తదాన్ని పాతదిగా ఎంచి అప్‌డేట్ చూపలేదు.

ఇలాంటప్పుడు ముందుగా తట్టేది ఎపోక్. వెర్షన్‌కు ముందు 1: అని చేర్చితే చాలు, అది మునుపటి అన్నిటికంటే పెద్దదైపోతుంది. ఆయన దానిని గట్టిగా వద్దన్నారు. ఒకసారి పెట్టిన ఎపోక్‌ను ఆ పేరుతో ప్యాకేజీ ఉన్నంతకాలం మోయవలసిందే. ఫైలు పేరులో అది కనబడదు. పైగా, మా ప్యాకేజీ 2.5 గాని అంతకంటే కొత్తది గాని కావాలని మరొక ప్యాకేజీ షరతు పెట్టుకుంటే, 1:2.3 కూడా ఆ షరతుకు సరిపోతుంది. ఈ చివరి కారణమే నాకు అన్నిటికన్నా బరువైనదిగా తోచింది, ఎందుకంటే దాని నష్టం మా మీద కాక మమ్మల్ని నమ్ముకున్న వారి మీద పడుతుంది.

ఆయన చూపిన దారి ఇది. తరువాతి విడుదలను 2.3.1గా నిర్ణయించుకుని, ఈలోపు కట్టే పరీక్షా బిల్డ్‌లకు 2.3.1~20250114 అని టిల్డే (~) గుర్తు తరువాత తేదీ వేయాలి. డెబియన్‌లో ప్యాకేజీలను ఇన్‌స్టాల్ చేసే మూల సాధనమైన డీపీకేజీ వెర్షన్లను పోల్చేటప్పుడు టిల్డే అన్నిటికంటే ముందు వస్తుంది, దాని చోట ఏమీ లేకపోవడం కంటే కూడా ముందే. కనుక ఆ బిల్డ్ 2.3.0.118 కంటే పెద్దది, అసలు 2.3.1 కంటే చిన్నది అవుతుంది. డెబియన్ బ్యాక్‌పోర్ట్స్ (స్థిర విడుదల కోసం మళ్లీ కట్టిన కొత్త వెర్షన్లు) ప్యాకేజీల వెర్షన్లలో టిల్డే ఎందుకుంటుందో నాకు అప్పుడే బోధపడింది. విడుదల తరువాతి బిల్డ్‌లకు ప్లస్ గుర్తు, కోడ్ మారకుండా ప్యాకేజింగ్ మాత్రమే మారితే హైఫన్ తరువాతి సంఖ్య పెంపు. కోడ్ మార్పులను నమోదు చేసే గిట్ ఒక్కో మార్పుకు ఇచ్చే కమిట్ గుర్తులకు వరుస లేదు కనుక వాటి చోటు చేంజ్‌లాగ్ (మార్పుల జాబితా) అన్నారు. ఫెడోరా వంటి లినక్స్ వ్యవస్థలు వాడే ప్యాకేజీ పద్ధతి ఆర్‌పీఎమ్‌లోనూ 4.10 వెర్షన్ నుంచి టిల్డే ఇలాగే పనిచేస్తుందని, అక్కడ వెర్షన్‌లో హైఫన్ కుదరదని కూడా గుర్తుచేశారు.

రిపోజిటరీలోకి పంపే ముందు చివరి వెర్షన్‌నూ కొత్తదాన్నీ డీపీకేజీ కంపేర్-వెర్షన్స్ ఆదేశంతో పోల్చి, పెద్దది కాకపోతే బిల్డ్‌ను ఆపేసే చిన్న స్క్రిప్టును సైతం ఆయనే రాసిచ్చారు. అది ఇప్పుడు మా ప్రతి బిల్డ్‌లోనూ నడుస్తోంది. 118 దగ్గర ఆగిపోయిన వారికి అప్‌డేట్లు మళ్లీ అందుతున్నాయి. అందుకు మా బృందం తరఫున, వారి తరఫున కూడా ఆయనకు హృదయపూర్వక కృతజ్ఞతలు.