నీరు తీశాక కూడా లంకల వైపు చూడండి

సంపాదకుల వారికి నమస్కారం.

గోదావరికి వరద వచ్చినప్పుడల్లా టీవీ చానళ్లు, పత్రికలు ఆ వార్తను అందించే తీరు మా కోనసీమ ప్రజల మనసులపై ఎలాంటి ప్రభావం చూపుతున్నదో మీ దృష్టికి తేవాలని ఈ లేఖ రాస్తున్నాను.

భద్రాచలం దగ్గర నీటిమట్టం 53 అడుగులకు చేరితే మూడో ప్రమాద హెచ్చరిక ఇస్తారు. ధవళేశ్వరం కాటన్ బ్యారేజీ దగ్గర అదే హెచ్చరికను 17.75 అడుగుల వద్ద ఇస్తారు. ఏ కొలత ఎక్కడిదో చెప్పకుండా "53 అడుగులు, ఉగ్ర గోదావరి" అని తెర మీద ఎర్ర అక్షరాలు పరుగెత్తిస్తే, ముంపు రాని మెరక ఊళ్లలోని వాళ్లు కూడా బెంబేలెత్తిపోతారు. హైదరాబాదులో ఉన్న పిల్లలు అర్ధరాత్రి ఫోన్లు చేసి "అమ్మా, వెంటనే బయలుదేరి వచ్చేయండి" అని ఏడుస్తారు. ఏటా ఇదే హడావిడి చూసి చూసి విసిగిన లంకవాసి (గోదావరి పాయల మధ్య దీవుల్లాంటి లంక ఊళ్లలో ఉండేవాడు) మాత్రం నిజంగా ఇల్లు విడవవలసిన రోజున కూడా "ఇది మామూలేలే" అనుకుంటాడు. నాకు ఎక్కువ భయం కలిగించేది ఈ రెండో సంగతే. ఏ మట్టానికి ఏ లంకకు దారి తెగుతుందో, పడవలు ఏ రేవులో ఉన్నాయో, పశువులను ఏ గట్టు మీదికి తోలాలో చెప్పే వార్త ఒక్కటి ఉంటే అది ప్రాణాలు కాపాడుతుంది.

2022 జూలైలో భద్రాచలం వద్ద గోదావరి 71 అడుగులు దాటినప్పుడు మా ఏటిగట్ల మీద కెమెరాలు బారులు తీరాయి. పీకల్లోతు నీటిలో బియ్యం మూట నెత్తిన పెట్టుకుని నడిచే మనిషిని చూసి రాష్ట్రమంతా అయ్యో అన్నది, దాతలు కదిలారు. అందుకు మేము కృతజ్ఞులం. అయితే అరటి తోట మునిగిన వారంలో చావదు. నీరు తీశాక ఆకులు కొన్నాళ్లు పచ్చగానే కనిపిస్తాయి, లోపల దుంప కుళ్లి, ఆ తరువాత చెట్లు ఒక్కొక్కటే ఒరిగిపోతాయి. ఒండ్రు పట్టిన గడ్డిని పశువు ముట్టదు. నష్టం లెక్కలు రాసేటప్పుడు కౌలు కార్డు లేని రైతు పేరు జాబితాకు ఎక్కడం కష్టమవుతుంది. ఇవన్నీ జరిగే నాటికి కెమెరాలు ఉండవు, జాలి కూడా వాటితోపాటే వెళ్లిపోతుంది.

ఇది మా ఒక్కరి అనుభవమే కాదు. ఐసెన్సీ, స్ట్రోంబర్గ్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు 1968 నుంచి 2002 వరకు సంభవించిన సుమారు 5,000 ప్రకృతి వైపరీత్యాలను పరిశీలించి 2007లో ఒక పరిశోధన ప్రచురించారు. ఒలింపిక్స్ వంటి పెద్ద వార్తలు నడుస్తున్న రోజుల్లో విపత్తు సంభవిస్తే, అమెరికా ప్రభుత్వ సాయం అందే అవకాశం తగ్గిందని అందులో తేల్చారు. బాధితుల అవసరం ఎంత ఉన్నా, పత్రికల్లో చోటు దొరకకపోవడం వల్ల సాయం తగ్గుతున్నదంటే సంపాదకుల బాధ్యత ఎంత పెద్దదో వేరే చెప్పనక్కరలేదు.

1996 నవంబరు 6న వచ్చిన తుపానును ఇక్కడ ఎవరూ మరువలేదు. వేటకు వెళ్లినవారు తిరిగిరాక భైరవపాలెం, బలుసుతిప్పల్లో ఇంటింటా శోకమే మిగిలింది. కూలిన కొబ్బరి చెట్ల స్థానంలో నాటిన మొక్కలు కాపుకు రావడానికి ఏళ్లు పట్టింది. అన్నేళ్ల నిరీక్షణ గురించి బయటి జిల్లాల వారికి ఎంతమాత్రం తెలిసి ఉంటుంది? శవాల ఫొటోలు చూసినవారు చాలామందే ఉంటారు.

మీ పత్రికకు నా వినతి ఇది. వరద వార్తలో ప్రతి అంకె పక్కనా ఊరి పేరు వేయండి. అయినవారిని పోగొట్టుకున్న వారి ముఖాలను మొదటి పేజీలో పెద్దవి చేసి వేయకండి. వరద తగ్గిన నెలకు ఒకసారి, మూడు నెలలకు మరోసారి మీ విలేకరిని అవే లంకలకు పంపి, నష్టపరిహారం ఎవరికి అందిందో, ఎవరికి అందలేదో, కోతకు గురైన గట్టుకు రాళ్లు పడ్డాయో లేదో రాయించండి. రాబోయే వరదల కాలం నుంచే ఇది మొదలుపెట్టగలరని ఆశిస్తున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు,
పి.గన్నవరం, కోనసీమ జిల్లా